ఎండని చేప నాలుగో పేజీలో ఉంది

ఈసారి వచ్చిన ఉత్తరం నాలుగు పేజీలు. రాసినావిడ కోస్తాలో ఒక ప్రైవేటు డెయిరీలో క్వాలిటీ విభాగం చూస్తారు. డెయిరీ టెక్నాలజీ చదివారు, ముప్ఫై రెండేళ్ళు. పేరూ ఊరూ వేయొద్దన్నారు, వేయడం లేదు.

ఆవిడ కష్టం ఇది. నెలకోసారి రివ్యూ మీటింగ్ ఉంటుంది. జనరల్ మేనేజరు, ఇద్దరు డైరెక్టర్లు, అన్ని విభాగాల వాళ్ళూ కూర్చుంటారు. అందులో ఈవిడకి ఇరవై నిమిషాలు. ముప్ఫై ఎనిమిది స్లయిడ్లు చేసుకుని వెళ్తారు. వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం), పాలబండ్ల రూటువారీగా తిప్పి పంపిన క్యాన్లు, వాటి గ్రాఫులు. ఐదో స్లయిడ్‌కల్లా ఫోన్లు బయటికొస్తాయి. పదో స్లయిడ్‌కి ఒక డైరెక్టరుగారు (కొనుగోళ్ళు కూడా ఆయనే చూస్తారట) కళ్ళు మూసుకుని "వింటున్నా, కానివ్వమ్మా" అంటారు. రెండు నెలల కిందట మేనేజరు పిలిచి, "నీ దగ్గర సరుకుంది, చెప్పడమే రావట్లేదు. కాస్త కథలాగా చెప్పు, వీడియోలు చూసి నేర్చుకో" అన్నారు.

చూశారు, నేర్చుకున్నారు. పోయిన నెల మీటింగ్‌లో మొదటి స్లయిడ్‌గా గద్ద బొమ్మ పెట్టి, నలభై ఏళ్ళు వచ్చాక గద్ద కొండెక్కి, తన ముక్కు తానే విరగ్గొట్టుకుని, కొత్త ముక్కు మొలిచాక మళ్ళీ ముప్ఫై ఏళ్ళు బతుకుతుందన్న కథ చెప్పారు. అంతా విని ఆ డైరెక్టరుగారు కళ్ళు తెరిచి, "బాగుంది గానీ, ఇంతకీ గద్దకి వెన్న శాతం ఎంతమ్మా?" అన్నారు. గది గదంతా నవ్వింది. ఆ రాత్రి ఈవిడకి నిద్ర లేదు. అదే మీటింగ్‌లో మార్కెటింగ్ కుర్రాడు తన కూతురూ కొత్త పెరుగు కప్పూ అంటూ ఏదో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ నెల పెరుగు అమ్మకం తగ్గిందని ఒక్కరూ అడగలేదు.

అసలు సంగతి మూడో పేజీలో మొదలైంది. ఏప్రిల్, మే నెలల్లో తిప్పి పంపిన 214 క్యాన్లలో 131 ఒక్క ఆరో రూటువే. ఎనిమిదింటికి పాలు చల్లబరిచే కూలర్ దగ్గరికి రావలసిన బండి తొమ్మిదిన్నరకి వస్తోంది. ఆ రూటు సూపర్‌వైజరు ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి. ఈవిడ ఉద్యోగంలో చేరినప్పుడు ఊళ్ళు తిప్పి పని నేర్పింది ఆయనే. బాబాయ్ అని పిలుస్తారు. ఒక రోజు ఈవిడ అక్కడ ఉండగా తిప్పి పంపిన క్యాన్ తెచ్చి పాల సేకరణ సెంటరు ముందు కాలవలో పారబోశారు. అందులో పాలు పోసిన ఒకామె, రెండు గేదెలున్నామె, అది చూస్తూ "దూడకి కూడా వదలకుండా పిండానమ్మా" అందట. ఆ మాట ఈవిడని వదలడం లేదు. వాళ్ళమ్మకి ఫోన్లో చెబితే ఆవిడ స్టవ్ ఆపేసి మరీ విన్నారట.

"మీటింగ్‌లో ఈ సంగతి చెబితే బాబాయ్ పేరు పోతుంది. చెప్పకపోతే నేను చెప్పేవన్నీ ఉత్త అంకెలు. అయినా అంకెలు నిజమైనప్పుడు వాటికి కథెందుకు? నాకు చెప్పడం రాదా, లేక ఈ కథలు చెప్పడమే ఒక మోసమా?" ఇదీ ప్రశ్న.

అమ్మా,

ముందు గద్ద సంగతి తేల్చేద్దాం. అది వాట్సాప్‌లో తిరిగే అబద్ధం. ముక్కు ఊడగొట్టుకున్న గద్దకి కొత్త ముక్కు మొలవదు, తినలేక చచ్చిపోతుంది. కాబట్టి ఆ రోజు నవ్విన వాళ్ళ మీద మీరు మరీ కోపం పెట్టుకోనక్కర్లేదు. అయినా ఆ కథ నిజమై ఉన్నా మీకు పనికొచ్చేది కాదు. హరికథలు విన్నారా మీరెప్పుడైనా? నా చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో విన్నవి ఇప్పటికీ గుర్తున్నాయి. దాసుగారు సీతాకల్యాణం చెబుతూ చెబుతూ, ముందు వరసలో పిల్లలు తూగడం చూసి ఒక పిట్టకథ అందుకునేవారు. ఊళ్ళో పిసినారి గురించో, అత్తాకోడళ్ళ గురించో. జనం నవ్వి లేచి కూర్చునేవాళ్ళు. ఆ నవ్వు ఆగకముందే ఆయన జనకుడి సభలోకి తిరిగొచ్చేవారు. ఆ పిసినారికీ శివధనుస్సుకీ ఎక్కడో ఒక ముడి ఉండేది. పిట్టకథ బలమంతా ఆ ముడిలోనే ఉంది. మీ గద్దకీ పాలకీ ముడి లేదు. డైరెక్టరుగారు అడిగింది సరిగ్గా అదే, కాకపోతే వెటకారంగా అడిగారు.

మీకు చెప్పడం రాదన్నది నేను ఒప్పుకోను. స్టవ్ ఆపి విన్న మనిషి ఉన్నప్పుడు ఆ మాట చెల్లదు. అమ్మతో మీరు "ఏప్రిల్-మే తిరస్కరణల రూటువారీ విశ్లేషణ" అని మొదలుపెట్టి ఉండరు. "అమ్మా, ఇవాళ ఏమైందో తెలుసా" అని ఉంటారు. ఆ గొంతు మీ దగ్గరుంది, మీటింగ్ గది తలుపు దగ్గర వదిలేసి లోపలికి వెళ్తున్నారు. ఎందుకు వదిలేస్తున్నారన్నదే చూడాలి. నాకు అర్థమైనంతలో, మీకున్న కథలో ఒక దోషి ఉన్నాడని మీరు నమ్ముతున్నారు. ఆ దోషి మీకు కావలసిన మనిషి. అందుకని ఆ కథని ముప్ఫై ఎనిమిది స్లయిడ్ల కింద దాచిపెట్టి, పైన గద్దని కూర్చోబెట్టారు.

ఇక్కడ ఏడు చేపల కథ ఒకసారి తలుచుకోండి. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. మోపునడిగితే ఆవు మేయలేదు, ఆవునడిగితే పాలేరు మేపలేదు, పాలేరునడిగితే అవ్వ అన్నం పెట్టలేదు, అవ్వనడిగితే పాప ఏడ్చింది, పాపనడిగితే చీమ కుట్టింది. చీమేమో "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అంది. జపాన్‌లో టయోటా వాళ్ళు ఫ్యాక్టరీలో లోపం కనబడితే ఐదుసార్లు ఎందుకు, ఎందుకు అని అడగాలని ఒక పద్ధతి పెట్టుకున్నారు, మీ క్వాలిటీ చదువులో వచ్చే ఉంటుంది. మన అమ్మమ్మలు ఏడుసార్లు అడిగారు.

ఆ కథలో నాకు నచ్చేవి రెండు. ఎండిన ఆరు చేపల గురించి కథ ఒక్క ముక్క మాట్లాడదు. మీ స్లయిడ్లలో ఆ ఆరూ ఉన్నాయి, ఒక్కొక్కదానికీ ఒక్కో గ్రాఫుతో సహా. బాగున్న రూట్ల లెక్క రిపోర్టులో ఉంటే చాలు, వరసగా వినిపించక్కర్లేదు. రెండోది, ఆ కథలో ఎవరినీ తిట్టరు. ఒక్కొక్కరినీ అడుగుతారు, ఒక్కొక్కరికీ ఒక జవాబుంటుంది, చివరికి చీమకి కూడా. మీరు ఆరో రూటు కథని పాలేరు దగ్గర ఆపేశారు. బండి ఆలస్యం, బండి బాబాయిది, కాబట్టి తప్పు బాబాయిది. ఆయన్ని అడిగారా? ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, అడిగినట్టు ఎక్కడా లేదు.

అడగకపోయినా జవాబు మీ దగ్గరే ఉంది. నాలుగో పేజీ అడుగున, బ్రాకెట్లలో ఇలా రాశారు: "ఆ రూట్లో మూడో ఊరి సెంటర్లో ఇన్వర్టర్ బ్యాటరీ జనవరి నుంచి పోయింది, కొత్తది కొనమని ఇండెంట్ పెట్టారట, కొనుగోళ్ళలో ఉంది, పొద్దున్నే కరెంటు పోతే పాలు టెస్ట్ చేసే మిషన్ నడవదు, అది వేరే సంగతి." వేరే సంగతి ఎలా అవుతుందమ్మా? కరెంటు వచ్చేదాకా పాలు కొలవరు, కొలవందే క్యాన్ ఎక్కదు, క్యాన్ ఎక్కందే బండి కదలదు. వేసవిలో పొద్దున ఆరింటికి పిండిన పాలు మూడు గంటలు దాటి చల్లదనం లేకుండా ఉంటే ఏమవుతాయో నాకంటే మీకే బాగా తెలుసు. నాకు బయటినుంచి కనిపిస్తున్నది ఇది. పొరపాటు కూడా కావచ్చు. ఆ గంటన్నరలో ఎంత సేపు ఆ ఊళ్ళో పోతోందో తేలాలంటే నాలుగు రోజులు బండితో వెళ్ళి గడియారం చూడాలి.

ముఖ్యమైన ముక్క అట్టడుగుకి జారిపోవడం మీ ఒక్కరికే జరిగింది కాదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక కూలి కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు కదా. బయల్దేరేటప్పుడే ఇంధన ట్యాంకు మీది నురగ పూతలోంచి ఒక ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. వాళ్ళింకా అంతరిక్షంలో ఉండగానే ఇంజినీర్లు దాని మీద స్లయిడ్లు తయారుచేసి పెద్దలకి చూపించారు. ఒక స్లయిడ్ శీర్షిక చదివితే ఫరవాలేదనే అనిపిస్తుంది. చిట్టచివరి వరసల్లో మాత్రం తగిలిన ముక్క పరిమాణం 1920 ఘనపు అంగుళాలనీ, పరీక్షల్లో వాడింది 3 అనీ ఉంది. అంటే 640 రెట్లు. పరీక్ష ఈ ముక్కకి వర్తించనే వర్తించదన్న మాట ఆ అడుగు వరసలో పడుంది. ప్రమాదానికి కారణం స్లయిడ్ అని ఎవరూ అనలేదు గానీ, విచారణ బోర్డు తన నివేదికలో ఆ స్లయిడ్‌ని అచ్చువేసి మరీ తప్పుపట్టింది. అంకె నిజమే. కంటికి ఆనలేదు. అంకెలు నిజమైనప్పుడు కథెందుకని అడిగారు కదా, దానికి నేను చెప్పగలిగిన జవాబు ఇదే. ఏది ముందు, ఏది తర్వాత, దేనివల్ల ఏది అన్న వరస అంకెలకి వాటంతట అవే రాదు.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

కథల జోలికే వెళ్ళకపోవడం ఒకటి. వరస మాత్రం మార్చండి. ముప్ఫై ఎనిమిది తీసేసి ఆరు చేయండి. మొదటి స్లయిడ్ మీద ఒక్క వాక్యం: "రెండు నెలల్లో తిప్పి పంపిన 214 క్యాన్లలో 131 ఒకే రూటువి." రెండోదాని మీద రోజువారీ బండి చేరిన టైమూ, ఆ రోజు తిప్పిన క్యాన్లూ పక్కపక్కన. ఇందులో మీకు భయమేమీ లేదు, నవ్వులపాలయ్యే ప్రమాదం లేదు. కాకపోతే "బండి ఎందుకు లేటు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మీరు తడబడితే ఆ గది తనకి తోచిన జవాబు తానే చెప్పేసుకుంటుంది. ఆ జవాబు బాబాయే అవుతుంది. అంటే ఆయన్ని కాపాడదామని మీరు మౌనంగా ఉంటే, ఆ మౌనమే ఆయన మీదికి వస్తుంది.

రెండోది, ఆ గేదెలామె మాటతో మొదలుపెట్టడం. "దూడకి కూడా వదలకుండా పిండానమ్మా." ఆ గదిలో ఇది పేలుతుంది, సందేహం లేదు. ఫోన్లు కింద పెడతారు. తర్వాత ఏమవుతుందో కూడా ఊహించండి. డైరెక్టర్లలో ఒకరు మెత్తబడి "పాపం, ఆవిడకి ఆ రోజు డబ్బులు ఇప్పించండి" అంటారు. అందరికీ మనసు తేలికపడుతుంది, మీటింగ్ ముగుస్తుంది, మర్నాడు పొద్దున బండి మళ్ళీ తొమ్మిదిన్నరకే వస్తుంది. జాలితో మొదలైన కథకి జాలి చూపించగానే అయిపోయిందనిపిస్తుంది. పైగా ఆమె బాధ ఆమెది. ఏ ఊరో, ఏ సెంటరో తెలిసిపోయేలా చెబితే రేపు ఆ సెంటర్లో ఆమెని "పై వాళ్ళకి చెప్పింది నువ్వేనటగా" అని అడిగే వాళ్ళుంటారు. ఆమెని అడక్కుండా ఈ మాట వాడకండి. ఒప్పుకుంటే పేరూ ఫొటో లేకుండా, మొదట్లో కాకుండా చివర్లో, ఒక్క వాక్యంగా వాడుకోండి.

మూడో దారి నాకు ఎక్కువ ఇష్టం, కష్టం కూడా అదే ఎక్కువ. మనిషికి బదులు క్యాన్‌ని కథానాయకుణ్ణి చేయండి. ఒక్క క్యాన్, ఒక్క ఉదయం. "మే నెలలో ఒక రోజు. ఆరూ పదికి ఈ క్యాన్‌లో మొదటి చెంబు పడింది. ఆరూ నలభైకి కరెంటు పోయింది." ఇలా. టైములు మీరు బండితో తిరిగి రాసుకున్నవే అయి ఉండాలి, ఊహించి పెట్టొద్దు. ప్రతి మలుపులోనూ ఒక ఎందుకు, దానికి ఒక జవాబు. సూపర్‌వైజరు ఈ కథలో వస్తే కరెంటు కోసం సెంటరు ముందు నిలబడి ఎదురుచూస్తున్న మనిషిగా వస్తారు. మూడు నిమిషాలు చాలు. అయ్యాక వెంటనే "ఇలాంటి క్యాన్లు 131" అనండి. ఈ వాక్యం మర్చిపోతే మీకూ ఆ పెరుగు కప్పు కుర్రాడికీ తేడా ఉండదు. అతను కథ చెప్పి అంకెని దాచాడు. మీ కథ నేరుగా అంకె దగ్గరికి తీసుకెళ్ళాలి. కథ మోసమా అని అడిగారు కదా, నేనైతే ఇక్కడే చూస్తాను.

ఈ దారిలో ఉన్న చిక్కు మీరు ఈపాటికి పసిగట్టే ఉంటారు. ఒక్కో ఎందుకు అడుగుతూ వెళ్తే చివరికి బ్యాటరీ ఇండెంట్ దగ్గర తేలుతుంది. అది ఉన్నది కొనుగోళ్ళలో. కొనుగోళ్ళు చూసేది కళ్ళు మూసుకుని వినే ఆయన. చీమ ఆ గదిలోనే, అదీ పెద్ద కుర్చీలో కూర్చుని ఉంది! పదిమంది ముందు ఆయన్ని పట్టిస్తే ఆ రోజు మీ ప్రెజెంటేషన్ అదిరిపోతుంది, తర్వాత ఏడాది పాటు మీ ఇండెంట్లేవీ కదలవు. అందుకని మీటింగ్‌కి రెండు రోజుల ముందు మీ మేనేజరుకి ఈ మూడు నిమిషాలూ చెప్పండి. డైరెక్టరుగారికి ముందే ఒక మాట వేయాలో వద్దో ఆయనకే వదిలేయండి. ముందే తెలిస్తే డైరెక్టరుగారు ఆ రెండు రోజుల్లో ఫైలు తెప్పించుకుని సంతకం పెట్టేసి, మీటింగ్‌లో "అది నిన్ననే క్లియర్ చేశాం" అనొచ్చు. పేరు ఆయనకి పోతుంది, మీ కథకి ముగింపు పోతుంది. మీకు బాధేస్తుందేమో. బ్యాటరీ మాత్రం వస్తుంది. ఏది కావాలో మీరే తేల్చుకోండి. నేనైతే బ్యాటరీ తీసుకుంటాను, అది నా తత్వం.

ఇంకొకటి. స్లయిడ్ల కంటే మంచి వస్తువు మీ ల్యాబ్‌లోనే ఉంది. మిథిలీన్ బ్లూ పరీక్ష ఆ డైరెక్టర్లు కళ్ళారా ఎప్పుడైనా చూశారా? మీకది రోజూ చేసే పని కాబట్టి అందులో వింత మీకు కనబడదు. రెండు గాజు గొట్టాలు, రెండింట్లో పది మిల్లీలీటర్ల పాలు, ఒక్కో మిల్లీలీటరు నీలం రంగు, 37 డిగ్రీల నీళ్ళ గిన్నె. ఒకటి మంచి రూటు పాలు, ఒకటి ఆరో రూటువి. ఏమీ మాట్లాడకుండా బల్ల మధ్యలో పెట్టి మీ పని మీరు మొదలుపెట్టండి. మంచి పాలలో నీలం ఐదు గంటలైనా ఉంటుంది, సూక్ష్మజీవులు కమ్ముకున్న పాలలో అరగంటకే తెల్లబడుతుంది. మీ వంతు మొదట్లో వచ్చేలా అడగండి, మీటింగ్ అయ్యేలోపు అందరి కళ్ళూ ఆ గొట్టం మీదే ఉంటాయి. ఒక జాగ్రత్త: ముందు మూడు నాలుగు రోజులు చేసి చూసుకోండి. వానలు పడి చల్లబడితే ఆరో రూటు పాలు కూడా బాగానే నిలవొచ్చు. అలా నిలిస్తే ఈ ఆలోచన మానుకుని, మే నెల పరీక్షల రిజిస్టరు పట్టుకెళ్ళండి. ఎలాగైనా తెల్లబడాలని ఆ శాంపిల్‌ని కాసేపు ఎండలో పెట్టే పని మాత్రం చేయకండి. నవ్వులాటకి అనడం లేదు, ఆ ఆలోచన ఎవరికైనా వస్తుంది.

టెన్షన్ గురించి ఒక్క ముక్క. మొత్తం బట్టీ పట్టకండి. మొదటి రెండు వాక్యాలూ చివరి వాక్యమూ నోటికి వస్తే చాలు, మధ్యలో క్యాన్ తన దారిన తాను వెళ్తుంది. మీటింగ్ ఇంగ్లీషులో జరుగుతుందని రాశారు. ముందు రాత్రి అమ్మకి ఫోన్ చేసి తెలుగులో చెప్పండి. ఆవిడ ఎక్కడ "తర్వాత?" అన్నారో అక్కడ గీత గీసుకోండి, ఎక్కడ "ఊఁ, సరేలే" అన్నారో అది తీసేయండి. మిగిలిందాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టుకోండి. గ్రామరు కోసం వెతుక్కుంటే కథ చల్లారిపోతుంది.

వీటన్నిటికంటే ముందు, ఈ వారంలోనే, ఆరో రూటు బండెక్కండి. మూడో ఊళ్ళో కరెంటు పోయి బండి ఆగినప్పుడు ఎలాగూ ఖాళీయే కాబట్టి టీ చెప్పండి. "బాబాయ్, రోజూ ఇక్కడ ఎంతసేపు ఆగుతున్నావు?" అని అడగండి. ఆ ప్రశ్న ఇన్ని నెలల్లో ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. మీటింగ్‌లో ఏం చెప్పబోతున్నారో కూడా అక్కడే చెప్పేయండి. ఆయన వద్దంటే ఎందుకు వద్దన్నారో వినండి, మనకి తెలియని ఎందుకు ఇంకొకటి అందులో ఉండొచ్చు.

ఏమైందో నాకు రాయండి. ఈసారి బ్రాకెట్లలో రాసేది ఏదైనా ఉంటే మొదటి పేజీలోనే రాయండి.